మాడు మీద మచ్చ, ఊపిరితిత్తిలో గాలి

ఛాతీ ఎక్స్‌రే చదవడం నేర్చుకునే విద్యార్థికి మొదటి పాఠం నలుపు తెలుపులదే. ఎముకలూ గుండే తెల్లగా పడతాయి, గాలి నిండిన ఊపిరితిత్తి నల్లగా పడుతుంది. ఆ నలుపులో ఎక్కడైనా తెల్లని మచ్చ కనబడితే గాలి ఉండాల్సిన చోట ఇంకేదో చేరిందన్నమాట. చీము కావచ్చు, నీరు కావచ్చు, గడ్డ కావచ్చు. శరీరంలో మరోచోట పుట్టిన క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకినప్పుడు సాధారణంగా ఈ తెల్లమచ్చలు గుండ్రంగా, రెండు వైపులా, చాలాచోట్ల కనిపిస్తాయి. రొమ్ములో పుట్టినా, పెద్దపేగులో పుట్టినా, మూత్రపిండంలో పుట్టినా ఇంచుమించు ఇదే వరస. కాబట్టి పాకిన క్యాన్సర్ అనగానే డాక్టర్ కన్ను తెలుపు కోసం వెతుకుతుంది.

ఈ అధ్యాయం నల్లగా కనిపించే క్యాన్సర్ గురించి. అది ఎక్కువగా పుట్టేది చర్మంలో, ముఖ్యంగా నెత్తి మీద, ముఖం మీద. ఊపిరితిత్తికి చేరాక చాలామందిలో మామూలు గడ్డలతో పాటు, కొందరిలో గడ్డలే లేకుండా, పలచని గోడలున్న గాలి తిత్తులుగా ఉబ్బుతుంది. ఆ తిత్తులు పగులుతాయి. చుట్టూ రక్తం కారుతుంది. ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది. పేరు యాంజియోసార్కోమా. రక్తనాళాల లోపలి గోడ మీద ఒక్క కణం మందాన పరుచుకున్న పొర ఉంటుంది, దాన్ని ఎండోథీలియం అంటారు. ఆ పొరలోని కణాలు అదుపు తప్పి పెరగడమే ఈ జబ్బు. అమెరికా అంత పెద్ద దేశంలో కూడా ఏడాదికి సుమారు 300 మందికి వస్తుందని అంచనా. కండరం, కొవ్వు, నాళాలు లాంటి మెత్తని కణజాలాల్లో పుట్టే సార్కోమాలే తక్కువ, వాటిలో మళ్ళీ ఇది నూటికి ఒకటో రెండో. చర్మవైద్యుల్లో చాలామంది దీన్ని పుస్తకంలో చదివి ఉంటారు తప్ప చేత్తో తాకి ఉండరు.

యాంజియోసార్కోమాల్లో ఇంచుమించు సగం చర్మంలోనే పుడతాయి. 1964లో ఇంగ్లండ్‌కు చెందిన చర్మవ్యాధి నిపుణుడు ఎడ్వర్డ్ విల్సన్ జోన్స్ వృద్ధుల నెత్తి మీదా ముఖం మీదా వచ్చే రకాన్ని ప్రత్యేకంగా వర్ణించాడు. ఆ వర్ణన నేటికీ పనికొస్తుంది. రోగి డెబ్బై దరిదాపుల్లో ఉంటాడు, మగవాళ్ళలో కొంచెం ఎక్కువ. మొదట కనిపించేది ఊదా రంగు మచ్చ, అచ్చం దెబ్బ తగిలి కమిలినట్టే ఉంటుంది. ఏ గుమ్మమో తగిలి ఉంటుందని ఇంట్లోవాళ్ళూ అనుకుంటారు, ఆయనా అనుకుంటాడు. నిజంగా కమిలిన మచ్చయితే రంగులు మారుతూ రెండు మూడు వారాల్లో పోతుంది. ఇది పోదు. అంచులు మెల్లగా పాకుతాయి, మధ్యలో చిన్న బుడిపెలు లేస్తాయి, దువ్వెన తగిలితే రక్తం వస్తుంది. కొందరిలో మచ్చ కంటే ముందు కనురెప్పలూ బుగ్గలూ వాస్తాయి, ఎలర్జీ అనుకుని మందులు వాడుతూ నెలలు గడిపేస్తారు. తలను గుండె కంటే కిందికి వంచి కొన్ని సెకన్లు ఉంచితే ఆ చోట రంగు ముదిరి, మచ్చ ఉబ్బి, అంతవరకూ కనిపించని అంచులు కూడా బయటపడటం ఈ జబ్బులో చూశారు. నాళాల్లాంటి వంకర టింకర దారుల్లోకి రక్తం దిగడమే దానికి కారణం. ఖర్చులేని పరీక్ష, కాకపోతే దీనితోనే జబ్బును నిర్ధారించలేం. చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాల్సిందే. సీడీ31, సీడీ34, ఈఆర్‌జీ అనే గుర్తులకు రంగు పట్టించి చూసి, ఇవి రక్తనాళపు కణాలేనని పాథాలజిస్టు తేలుస్తాడు.

నెత్తి మీద చర్మాన్ని మన కంటితో మనం చూసుకోలేం. ఒత్తయిన జుట్టున్నవాళ్ళ సంగతి మరీ కష్టం. తెలుగునాట పెద్దవాళ్ళ మాడు పూర్తిగా వెలుతురు చూసేది తిరుమలలోనో మరో క్షేత్రంలోనో తలనీలాలిచ్చినప్పుడే. ఈ మచ్చ డాక్టర్ కంటికంటే ముందు క్షౌరం చేసేవారి కంటికే పడుతుంది. మెలనోమా అనే మరో చర్మ క్యాన్సర్ విషయంలో అమెరికాలో క్షౌరశాలల్లో పనిచేసేవాళ్ళకు అనుమానించాల్సిన మచ్చలు గుర్తుపట్టడం నేర్పించే ప్రయత్నాలు చేశారు. మన దగ్గర ఆ ఆలోచన ఎవరికైనా వస్తే నష్టపోయేది ఏమీ లేదు.

ఇదే క్యాన్సర్ చర్మానికి చేరే మరో దారి ఉంది, తెలుగువాళ్ళకు అది పరాయిది కాదు. 1948లో న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు ఫ్రెడ్ స్టీవర్ట్, నార్మన్ ట్రీవ్స్ ఆరుగురు స్త్రీల కథ ప్రచురించారు. అందరికీ రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది. చంకలోని లింఫు గ్రంథులు తీసేయడంతో చేయి వాచింది, వాపు ఏళ్ళ తరబడి ఉండిపోయింది. ఆ వాచిన చేతి మీద ఊదా బుడిపెలు లేచాయి. పాత క్యాన్సర్ తిరగబెట్టిందని మొదట అనుకున్నారు గానీ, వాళ్ళు చూపించింది ఇది కొత్త జబ్బని, నాళాల నుంచి పుట్టిందని. అప్పటినుంచి ఆ స్థితిని వాళ్ళిద్దరి పేర్లతోనే పిలుస్తున్నారు. లింఫు పారక ఏళ్ళకేళ్ళు వాచి ఉన్న చోట రోగనిరోధక కణాల కాపలా సడలుతుందని ఒక వివరణ. బోదకాలు కూడా లింఫు పారకపోవడం వల్ల వచ్చే వాపే. ఫైలేరియా వల్ల దశాబ్దాలుగా వాచిన కాళ్ళలో యాంజియోసార్కోమా వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. చాలా చాలా అరుదు, బోదకాలున్నవాళ్ళు దీన్ని తలచుకుని నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. కానీ కోస్తా జిల్లాల్లో ఆ కాళ్ళను రోజూ చూసే వైద్యసిబ్బంది మాత్రం, కాలి మీద కొత్తగా లేచిన ఊదా రంగు బుడిపెను పుండు పడుతోందిలే అని వదిలేయకూడదు.

ఇక ఊపిరితిత్తి దగ్గరికి వద్దాం. మాడు మీద పుట్టినా, చేతి మీద పుట్టినా, ఈ క్యాన్సర్ దూరంగా పాకే అవయవాల్లో ఊపిరితిత్తిదే మొదటి స్థానం. రోగుల ప్రాణం మీదికి తెచ్చేదీ చాలాసార్లు అక్కడి జబ్బే. ఎందుకు ఊపిరితిత్తే?

ఒక క్యాన్సర్ ఫలానా అవయవాన్నే ఎందుకు ఎంచుకుంటుందన్న ప్రశ్నకు రెండు పాత జవాబులున్నాయి. 1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పాజెట్, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు తిరగేసి, క్యాన్సర్ కణం విత్తనమైతే అవయవం నేల అన్నాడు. అన్ని నేలలూ అన్ని విత్తనాలకూ పనికిరావు. తర్వాతి తరంలో అమెరికన్ పాథాలజిస్టు జేమ్స్ యూయింగ్ అంత కవిత్వం అక్కర్లేదన్నాడు. రక్తం ముందు ఎక్కడికి పోతే కణాలు అక్కడ ఇరుక్కుంటాయి, అంతే. నేటి పరిశోధన ఇద్దరికీ చెరిసగం మార్కులు వేస్తుంది. మన క్యాన్సర్ విషయంలో మాత్రం యూయింగ్ లెక్క చాలావరకు సరిపోతుంది. నెత్తి మీది రక్తం మెడ సిరల గుండా గుండె కుడి భాగానికి వస్తుంది, అక్కడినుంచి నేరుగా ఊపిరితిత్తికే వెళ్తుంది. మధ్యలో మరో అవయవం తగలదు. విశ్రాంతిగా కూర్చున్న మనిషిలో కూడా నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తం, అంటే ఒంట్లో ఉన్నదంతా, ఊపిరితిత్తుల కేశనాళికల గుండా పోతుంది. ఆ నాళికల వెడల్పు ఏడెనిమిది మైక్రాన్లు. క్యాన్సర్ కణం దానికి రెట్టింపు ఉంటుంది. ఇరుక్కోక తప్పదు.

ఇరుక్కున్నవన్నీ మొలకెత్తవు, అత్యధిక భాగం గంటల్లోనే చచ్చిపోతాయి. యాంజియోసార్కోమాకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. రొమ్ము క్యాన్సర్ కణం రక్తంలోకి దిగాలంటే నాళం గోడను తొలుచుకుని దిగాలి. యాంజియోసార్కోమా కణం పుట్టుకతోనే నాళం గోడకు చెందినది, గడ్డ లోపలి దారులన్నీ రక్తంతో తడుస్తూనే ఉంటాయి. ఊపిరితిత్తికి చేరాక దానికి ఎదురయ్యేది కూడా తన జాతి పొరే. కణజాల పరీక్షలో ఈ కణాలు ఊపిరితిత్తి ధమనుల లోపలి గోడల వెంబడి పాకుతూ కనిపించిన సందర్భాలున్నాయి.

అసలు విచిత్రం ఇక్కడ మొదలవుతుంది. అది అర్థం కావాలంటే ఊపిరితిత్తి ఎందుకు ఉబ్బి ఉంటుందో ముందు తెలియాలి. ఊపిరితిత్తికి తనంతట తాను ముడుచుకుపోయే గుణం ఉంది. ఛాతీ గోడకు బయటికి విచ్చుకునే గుణం ఉంది. రెండింటి మధ్య ప్లూరా అనే రెండు పలచని పొరలు, వాటి నడుమ పది ఇరవై మిల్లీలీటర్లకు మించని ద్రవం ఉంటాయి. ఒకటి లోపలికీ ఒకటి బయటికీ లాగుతుండటం వల్ల ఆ నడిమి జాగాలో పీడనం బయటి గాలి కంటే తక్కువ, మామూలుగా ఐదు సెంటీమీటర్ల నీటి మట్టమంత తక్కువ. ఊపిరితిత్తి విచ్చుకుని ఉండటానికి ఆధారం ఈ కొద్దిపాటి లోటే. ప్లూరాకు ఎక్కడ చిల్లు పడినా గాలి అక్కడికి దూరుతుంది, లోటు పూడిపోతుంది, ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. ఈ స్థితికి 1803లో న్యూమోథొరాక్స్ అని పేరుపెట్టినవాడు ఫ్రెంచి వైద్యుడు ఇటార్డ్. అడవిలో దొరికిన విక్టర్ అనే పిల్లవాడికి మాటలు నేర్పాలని తంటాలు పడ్డ ఇటార్డ్ ఇతడే. స్టెతస్కోపు కనిపెట్టిన లయెనెక్ 1819 నాటి గ్రంథంలో దీని లక్షణాలను వివరంగా రాశాడు.

యాంజియోసార్కోమా ఆ చిల్లు ఎలా పెడుతుంది? ఒకే సమాధానం లేదు, కణజాల పరీక్షల్లో రకరకాల దృశ్యాలు కనిపించాయి.

అన్నిటికంటే సులువుగా అర్థమయ్యేది, ప్లూరాకు ఆనుకుని పెరిగిన గడ్డ చచ్చిపోవడం. వేగంగా పెరిగే గడ్డకు నడిమధ్యలో రక్తం చాలదు, ఆ భాగం కుళ్ళుతుంది. కుళ్ళిన భాగం ఒకవైపు శ్వాసనాళికలోకి, మరోవైపు ప్లూరాలోకి తెరుచుకుంటే గాలికి దారి దొరికినట్టే. ఏ సార్కోమాలోనైనా ఇది జరగవచ్చు, కాలి ఎముకలో పుట్టే ఆస్టియోసార్కోమా దీనికి పేరుమోసింది. రెండోది యాంజియోసార్కోమాకు మరింత సొంతం. దాని గడ్డ గట్టి ముద్ద కాదు, రక్తపు మడుగులతో నిండిన పీచు. లోపలి రక్తం శ్వాసనాళికలోకి కారిపోతే పలచని గోడ, మధ్యలో ఖాళీ మిగులుతాయి. సీటీ స్కాన్‌లో కొన్ని తిత్తుల అడుగున రక్తం నిలిచి, పైన గాలి ఉండి, మధ్యలో అడ్డగీత గీసినట్టు కనిపించేది అందుకే.

మూడోది కవాటం. క్యాన్సర్ కణాలు సన్నని శ్వాసనాళిక గోడలోకి చొరబడి దాన్ని ఇరుకు చేస్తాయి. ఊపిరి పీల్చినప్పుడు నాళిక కొంచెం విచ్చుకుంటుంది, గాలి లోపలికి పోతుంది. వదిలినప్పుడు నాళిక మూసుకుంటుంది, గాలి బయటికి రాలేదు. సైకిల్ ట్యూబుకు వాల్వు చేసే పని ఇదే. పంపు కొట్టిన ప్రతిసారీ గాలి లోపలే ఉండిపోతుంది. మనిషి నిమిషానికి పదిహేనుసార్లు పంపు కొడుతుంటాడు. ఆ నాళిక కింది గాలి అరలు, అంటే వాయుగోణులు, ఉబ్బి, ఒకదాని గోడ ఒకటి తెగి, చివరికి ఒక పెద్ద తిత్తి మిగులుతుంది. నాలుగో దృశ్యం పాథాలజిస్టులను ఎక్కువగా తికమక పెట్టేది. కణాలు గడ్డ కట్టవు. ముందే ఉన్న గాలి అరల గోడల మీద పలచగా పాకి, వాటిని లోపలినుంచి తింటాయి. అలాంటి తిత్తి గోడలో చిన్న ముక్క తీస్తే అందులో క్యాన్సర్ కణాలు నాలుగో ఐదో ఉండవచ్చు, అసలు ఉండకపోనూవచ్చు. పొగతాగే వృద్ధుల్లో మామూలుగా కనిపించే గాలిబుడగేనని రిపోర్టు వస్తుంది.

రక్తస్రావం సంగతి వేరుగా చెప్పాలి. ఈ కణాలు నాళాలు కట్టబోయి కట్టలేకపోతాయి. అవి కట్టినవన్నీ కారే గొట్టాలే. అందువల్ల సీటీలో ఒక్కో గడ్డ చుట్టూ పలచని మబ్బు వలయం కనిపిస్తుంది, అది వాయుగోణుల్లోకి ఊరిన రక్తం. రోగికి దగ్గుతో పాటు కళ్ళెలో రక్తం పడుతుంది. ప్లూరా జాగాలోకి కారితే రక్తం నిలిచి ఊపిరితిత్తిని నొక్కుతుంది. గాలీ రక్తమూ కలిసి చేరడం కూడా ఉంది, డాక్టర్లకు అంతకంటే చిక్కు లేదు. గడ్డలోని వంకర దారుల్లో రక్తం గడ్డకడుతూ ప్లేట్‌లెట్లు ఖర్చయిపోవడంతో కొందరిలో రక్తస్రావం మరింత పెరుగుతుంది. అరుదైన ఇతర చర్మ క్యాన్సర్లు, మెర్కెల్ కణాల క్యాన్సర్ లాంటివి, ఊపిరితిత్తికి పాకినా ఇలా చేయడం సాధారణం కాదు. అవి ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే పాత పద్ధతివే.

న్యూమోథొరాక్స్ వచ్చిన మనిషికి ఉన్నట్టుండి ఒకవైపు ఛాతీలో పోటు, ఆయాసం వస్తాయి. గాలి కొద్దిగా చేరితే ఎక్స్‌రేలో తప్ప తెలియదు. ఎక్కువ చేరి, చిల్లే కవాటంలా పనిచేసి, గాలి లోపలికే గాని బయటికి పోకపోతే పీడనం పెరిగి గుండెను అవతలి వైపు నెడుతుంది, గుండెకు రక్తం తిరిగి రాదు, రక్తపోటు పడిపోతుంది. అప్పుడు ఎక్స్‌రే కోసం ఆగే వ్యవధి కూడా ఉండదు, ఛాతీలోకి సూది గుచ్చి గాలి వదలాల్సిందే. యాంజియోసార్కోమాలో తిత్తులు రెండు వైపులా ఉంటాయి కాబట్టి రెండు ఊపిరితిత్తులూ ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కోసారి ఒకేసారి, ముడుచుకున్న కేసులు కూడా ఉన్నాయి. ఈ జబ్బు మీద జపాన్ వైద్యులు రాసిన కేసు నివేదికలు చాలా ఉన్నాయి, వాటిలో న్యూమోథొరాక్స్ ప్రస్తావన మళ్ళీ మళ్ళీ వస్తుంది.

అన్నిటికంటే కష్టమైనది, న్యూమోథొరాక్సే మొదటి లక్షణంగా బయటపడే రోగి. వృద్ధుడు ఆయాసంతో అత్యవసర విభాగానికి వస్తాడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి ముడుచుకుని ఉంటుంది. ఆ వయసులో, అందులోనూ బీడీలు కాల్చిన చరిత్ర ఉంటే, ఊపిరితిత్తులు దెబ్బతిని గాలిబుడగ పగిలిందనుకోవడం సహజం. నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఆ ఊహ నిజమే అవుతుంది కూడా. మన దేశంలో ఇంకో ఊహ అంతకంటే ముందు నిలుస్తుంది, అది టీబీ. కళ్ళెలో రక్తం, స్కాన్‌లో బోలు, బరువు తగ్గడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే తెలుగునాట ఏ డాక్టరైనా ముందు టీబీనే తలుస్తాడు. తలవాలి కూడా, మన దగ్గర ఊపిరితిత్తి ముడుచుకుపోయేందుకు టీబీ పెద్ద కారణం. తప్పు టీబీని అనుమానించడంలో లేదు. కళ్ళె పరీక్షలో టీబీ క్రిమి దొరకకపోయినా, మందులు వేసినా తిత్తులు పెరుగుతూనే ఉన్నా అదే అనుమానానికి అంటిపెట్టుకుని ఉండటంలో ఉంది. అక్కడ ఆగి రోగిని తల నుంచి కాలిదాకా మళ్ళీ చూడాలి. చేతివేళ్ళతో జుట్టు పాయలు తీసి మాడు చూడాలి. నేటి వైద్యంలో స్కాన్‌ను జూమ్ చేసి చూసేంత ఓపిక రోగి చర్మాన్ని చూడటానికి మిగలడం లేదని నా ఫిర్యాదు. న్యూమోథొరాక్స్‌కు గొట్టం వేయించుకుని మంచం మీద ఉన్న రోగి నెత్తి మీది కమిలిన మచ్చను ఎవరో గమనించి బయాప్సీ చేయిస్తే మొత్తం కథ విడిపోయిన కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

వైద్యం రెండు అంచెల్లో జరగాలి. ముందు గాలి తీయాలి, తర్వాత క్యాన్సర్ సంగతి చూడాలి. గాలి తీయడానికి పక్కటెముకల సందులోంచి గొట్టం వేసి, దాని రెండో కొసను సీసాలో నీటి అడుగున ముంచుతారు. గాలి బుడగలుగా బయటికి పోతుంది, వెనక్కి రాలేదు. నీళ్ళే కవాటం. 1870లలో హాంబర్గ్ వైద్యుడు గొట్‌హార్డ్ బ్యూలావు చీము తీయడానికి వాడిన ఉపాయం ఇది, నేటికీ జిల్లా ఆసుపత్రి నుంచి కార్పొరేట్ ఆసుపత్రి దాకా అదే పద్ధతి. మామూలు రోగిలో చిల్లు కొన్ని రోజుల్లో మానుతుంది, బుడగలు ఆగుతాయి. క్యాన్సర్ పెట్టిన చిల్లు మానదు, మానాల్సిన కణజాలమే అక్కడ ఉండదు. బుడగలు వారాల తరబడి వస్తూనే ఉంటాయి, రోగి సీసాను పక్కన పెట్టుకుని మంచానికి అతుక్కుపోతాడు.

అప్పుడు మిగిలేది రెండు ప్లూరా పొరలనూ అతికించేయడం. మధ్య జాగానే లేకపోతే గాలి చేరేందుకు చోటుండదు. శుద్ధిచేసిన టాల్క్ పొడి చల్లి, కావాలని వాపు పుట్టించి అతికించే ఈ పద్ధతిని 1935లో వివరించింది నార్మన్ బెతూన్. స్పెయిన్ యుద్ధరంగంలో రక్తనిధి నడిపిన, చైనాలో గాయపడ్డ సైనికులకు ఆపరేషన్లు చేస్తూ 1939లో కన్నుమూసిన ఆ కెనడా డాక్టరే. ఆయన పేరు మీది ఆసుపత్రిలోనే మన షోలాపూర్ డాక్టర్ కోట్నీస్ పనిచేశాడు. బెతూన్‌కు స్వయంగా టీబీ వచ్చింది, దానికి ఆ రోజుల్లో వైద్యం ఊపిరితిత్తి చుట్టూ కావాలని గాలి ఎక్కించి దాన్ని ముడిచి విశ్రాంతినివ్వడం, అంటే కృత్రిమ న్యూమోథొరాక్స్. ఒకప్పుడు మందుగా వాడిన స్థితినే ఇప్పుడు మనం తప్పించాలని తంటాలు పడుతున్నాం. టాల్క్ కాకపోతే రోగి సొంత రక్తాన్నే కొంత తీసి ఆ జాగాలోకి ఎక్కించి అతికించే పద్ధతి కూడా ఉంది, ఆపరేషన్‌కు తట్టుకోలేని వృద్ధులకు అది పనికొస్తుంది. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుని ఛాతీ గోడను తాకితేనే ఏ జిగురైనా అంటుకుంటుంది. తిత్తుల మయమైన ఊపిరితిత్తి అంత తేలిగ్గా విచ్చుకోదు. అందుకే ఒకవైపు అతికించాక రెండోవైపు, అతికించిన వైపే మళ్ళీ ఇంకోచోట గాలి చేరడం మామూలే.

క్యాన్సర్‌కు ఇచ్చే మందుల్లో ఎక్కువ కాలంగా నమ్ముకున్నది పాక్లిటాక్సెల్. పసిఫిక్ యూ అనే చెట్టు బెరడులో మొదట దొరికిన మందు. 2008లో ఫ్రాన్స్‌లో 30 మంది యాంజియోసార్కోమా రోగుల మీద వారం వారం ఇచ్చి చూస్తే, రెండు నెలల తర్వాత నాలుగింట మూడు వంతుల మందిలో జబ్బు ముదరకుండా ఆగింది. నాలుగు నెలలకు ఆ సంఖ్య సగం కంటే తగ్గింది. జబ్బు స్వభావం ఈ రెండు అంకెల్లోనే ఉంది. లొంగుతుంది, లొంగి ఉండదు. తర్వాత వచ్చిన పాజోపానిబ్ గడ్డకు కొత్త నాళాలు రాకుండా అడ్డుకునే మాత్ర. రక్తనాళపు క్యాన్సర్‌కు ఇది సరైన ఆయుధమే అనిపిస్తుంది, కొందరిలో పనిచేస్తుంది కూడా. కానీ సార్కోమా రోగుల మీద దాన్ని పరీక్షించిన అంతర్జాతీయ అధ్యయనంలో సుమారు మూడు శాతం మందికి న్యూమోథొరాక్స్ వచ్చింది. ప్లూరాకు ఆనుకున్న గడ్డ మందుకు లొంగి హఠాత్తుగా చచ్చిపోతే ఆ చోట చిల్లు మిగులుతుంది. మందు పనిచేయడమే ఇక్కడ ప్రమాదం. ఈ మాత్ర మొదలుపెట్టే ముందు రోగికీ ఇంట్లోవాళ్ళకూ ఆ ముక్క విడమరిచి చెప్పని డాక్టర్ సగం పనే చేసినట్టు.

ఇటీవలి ఆశ మరో దిక్కునుంచి వచ్చింది, వచ్చిన తీరు కూడా కొత్తది. అరుదైన జబ్బు మీద పరిశోధన చేయాలంటే రోగులే దొరకరు, ఒక్కో ఆసుపత్రిలో ఏడాదికి ఒకరో ఇద్దరో. అమెరికా బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త కోరీ పెయింటర్‌కు స్వయంగా యాంజియోసార్కోమా వచ్చింది. ఆసుపత్రుల చుట్టూ తిరగడం మాని రోగులనే నేరుగా పిలుద్దామని ఆమె బృందం 2017లో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. అమెరికా, కెనడాల నుంచి 18 నెలల్లో 338 మంది పేర్లు నమోదు చేసుకుని తమ వైద్య రికార్డులూ, కణజాలమూ ఇవ్వడానికి ముందుకొచ్చారు. ఏడాదికి 300 కేసులొచ్చే జబ్బులో ఇది మామూలు సంఖ్య కాదు. 2020లో ప్రచురించిన ఫలితాల్లో 47 గడ్డల జన్యుక్రమం ఉంది. తల, ముఖం, మెడ మీద పుట్టిన గడ్డల్లో జన్యుమార్పులు లెక్కకు మించి ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం ఎండలోని అతినీలలోహిత కిరణాలు డీఎన్ఏకు చేసే గాయాల తరహావి. బట్టతల మీద దశాబ్దాల ఎండ దెబ్బ పడిందన్న పాత అనుమానానికి ఇది గట్టి సాక్ష్యం. జన్యుమార్పులు ఎక్కువైతే రోగనిరోధక వ్యవస్థకు ఆ కణాలు పరాయివిగా కనిపించే అవకాశం ఎక్కువ. రికార్డులు తిరగేస్తే, ఈ రకం గడ్డలున్న ఇద్దరు రోగులు రోగనిరోధక శక్తికి ఉన్న పగ్గాలు వదిలే మందులు అప్పటికే వేరే దారి లేక వాడి, అసాధారణంగా కోలుకున్నారని తేలింది. 2021లో అలాంటి మందులు రెండు కలిపి 16 మంది యాంజియోసార్కోమా రోగులకు ఇచ్చిన పరీక్షలో నలుగురికి గడ్డలు తగ్గాయి. నెత్తి మీదా ముఖం మీదా జబ్బున్నవాళ్ళు అందులో ఐదుగురే, వాళ్ళలో ముగ్గురికి గుణం కనిపించింది. ఐదుగురిలో ముగ్గురు అన్నది చిన్న లెక్క, దాని మీద మేడ కట్టకూడదు. ఐనా, ఎండ పడిన చర్మంలో పుట్టిన రకానికి వేరే చికిత్స ఆలోచించాలన్న దారి ఖాయమైంది. మన దేశంలో ఈ మందులు దొరుకుతున్నాయి, ధర మాత్రం సామాన్య కుటుంబానికి అందేలా లేదు.

ఇంత విజ్ఞానం పోగైనా జబ్బు ఊపిరితిత్తికి చేరాక వైద్యులు కొనగలిగేది చాలాసార్లు నెలలే. చర్మం మీద చిన్నదిగా ఉండగా దొరికితే ఆపరేషన్, రేడియేషన్, కీమో కలిపి కొంత గెలిచే వీలుంది. కాబట్టి మీ ఇంట్లో అరవై దాటినవాళ్ళ నెత్తి మీదో, ముఖం మీదో, ఏళ్ళుగా వాచి ఉన్న చేతి మీదో కాలి మీదో ఊదా రంగు మచ్చ వచ్చి నెల దాటినా పోకపోతే పైపూత మందులతో కాలం గడపకుండా చర్మవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి బయాప్సీ అవసరమా అని అడగండి. ఈ జబ్బుకు ఇప్పటికే చికిత్సలో ఉన్నవాళ్ళకు హఠాత్తుగా ఆయాసమో, ఒకవైపు ఛాతీ నొప్పో, కళ్ళెలో రక్తమో కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, ఆ గంటలోనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. అక్కడి డాక్టర్‌కు ముందుగా చర్మం మీది జబ్బు పేరు చెప్పండి.